ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

షేర్లు కొనడానికి ఏ ఆన్‌లైన్ బ్రోకరు చవక అన్న చర్చ ఇప్పుడు మన పొదుపు సమావేశాల దాకా వచ్చింది. జీరోధాలో షేర్లు కొని ఉంచుకుంటే బ్రోకరేజీ లేదు, ఏటా ఖాతా నిర్వహణ రుసుము ఉంది. గ్రోలో నిర్వహణ రుసుము లేదు, కానీ 2025 జూన్ నుంచి ఆర్డరుకు 5 నుంచి 20 రూపాయల దాకా బ్రోకరేజీ ఉంది. పన్నులు, స్టాంపు డ్యూటీ ఎక్కడైనా ఒకటే. స్త్రీలకు ప్రత్యేక రాయితీ కూడా ఉందండోయ్! షేర్లు అమ్మినప్పుడు తీసుకునే 3.50 రూపాయల్లో డిపాజిటరీ సీడీఎస్ఎల్ మనకు పావలా తగ్గిస్తుంది. పావలా వడ్డీ తర్వాత మనకు దక్కిన ఇంకో పావలా.

ఈ పోలికల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఖాతా ఆమె పేరున ఉంటే, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

నాకు తెలిసిన ఒక టీచరు పేరున డీమ్యాట్ ఖాతా ఉంది. "ఫోటోకి ఒకసారి ఇటు చూడమన్నారు, చూశాను" అంది. ఫోను నంబరు, ఈమెయిలు భర్తవి. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి దిగాలంటే ఆదాయానికి రుజువు చూపాలి. అందుకు ఆమె జీతం స్లిప్పు పనికొచ్చింది. నష్టం సంగతి ఆమెకు తెలిసింది ఆదాయపు పన్ను నోటీసు వచ్చాకే. నోటీసు మాత్రం ఆమె పేరునే వచ్చింది.

ఇది చట్టం కన్నుగప్పి జరిగింది కాదు. భార్యాభర్తలు ఒకే నంబరు ఇవ్వడానికి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే, నిబంధనలే వీలిస్తున్నాయి. ఇష్టపడే కదా సంతకం పెట్టింది అంటారు. ఇంట్లో ఇష్టం ఎలా పుడుతుందో మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం వెలువరించింది. మూడేళ్లలో ఈ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల పైమాటే. 2023-24లో నష్టపోయినవాళ్లు పురుషుల్లో 91.9 శాతం, స్త్రీలలో 86.3 శాతం. స్త్రీలు జాగ్రత్తపరులని మురిసిపోవచ్చు. కానీ ఆ లెక్క పాన్ కార్డు మీది పేరును చూస్తుంది, ఆర్డరు నొక్కిన వేలును చూడదు. ఆ స్త్రీలలో ఎందరు నిజంగా వ్యాపారం చేశారు, ఎందరు ఫోటోకి చూసి ఊరుకున్నారు? సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని గనక ఈ అంకెను నమ్మలేకపోతున్నాను.

కాబట్టి బ్రోకరేజీ లెక్కలకు ముందు మనం చేయాల్సిన పనులున్నాయి. డిపాజిటరీ పంపే స్టేట్‌మెంటు మీ మెయిలుకే వస్తోందా చూడండి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీకు అక్కర్లేకపోతే ఆ విభాగాన్ని మూయించండి. అనుమానముంటే ఖాతాను స్తంభింపజేయమని అడగండి, 2024 జూలై నుంచి బ్రోకర్లు ఆ సదుపాయం ఇచ్చి తీరాలి. ఇక సెబీని మనం అడగాల్సింది ఒక్కటే: సంపాదిస్తున్న స్త్రీ ఖాతాకు వేరొకరి నంబరు ఒప్పుకోవద్దు.

ఆ టీచరు పోయిన నెల బ్రోకరు దగ్గర నంబరు మార్పించుకుంది. అప్పటినుంచి భర్త ఆమెతో మాట్లాడటం లేదట.