బల్లి పడితే భయమెందుకు?



మన ఇళ్ళలో అద్దె చెల్లించకుండా కాపురముండే ప్రాణి బల్లి. సాయంత్రం దీపం వెలగగానే గోడమీద ప్రత్యక్షమవుతుంది. దోమలను, రెక్కల పురుగులను, బొద్దింక పిల్లలను పట్టి తింటుంది. మనకింత సేవ చేస్తున్నా దానిని చూస్తే భయం, అసహ్యం! ఈ భయం మనకు పుట్టుకతో వచ్చినది కాదు, నేర్పగా వచ్చినదని నా అభిప్రాయం. నేర్చుకున్నదానిని పరీక్షించి చూడటం విజ్ఞానశాస్త్ర విద్యార్థుల పని. రండి, పరీక్షిద్దాం.

పంచాంగంలో బల్లిపాటు ఫలితాల పట్టికను మీరు చూసే ఉంటారు. ఒంటిమీద ఒకచోట పడితే ధనలాభం, మరొకచోట పడితే కలహం, ఇంకొకచోట పడితే కీడు. పురుషులకు ఒక వరుస, స్త్రీలకు మరొక వరుస. మగవారికి కుడివైపు, ఆడవారికి ఎడమవైపు మంచిదని చెబుతారు. ఆలోచించండి. అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని చదువుకుంటున్నారు. పైనుంచి బల్లి జారింది. అది అన్న కుడి భుజం మీద పడితే శుభం, చెల్లెలి కుడి భుజం మీద పడితే అశుభం! కింద కూర్చున్నది అన్నో, చెల్లెలో ఆ జారిపడే బల్లికేం తెలుసు?

ఇది నవ్వి వదిలేయదగిన సంగతి కాదు. రేపు పరీక్ష అనగా ఈ రోజు బల్లి మీద పడిందని బెంగపెట్టుకుని, పుస్తకం మూసేసిన పిల్లలను నేనెరుగుదును. వారి పరీక్షను పాడుచేసింది బల్లి కాదు, బెంగ.

అసలు బల్లి ఎందుకు పడుతుంది? ఈ ప్రశ్న వేయాలంటే ముందు మరొక ప్రశ్న వేయాలి. అది పడకుండా ఎలా ఉండగలుగుతున్నది? బల్లి కాళ్ళలో జిగురు లేదు. దాని వేళ్ళ అడుగున అడ్డంగా పొరలుంటాయి. వాటిమీద కంటికి కనిపించని సన్నని రోమాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఇవి మన గోళ్ళలో ఉండే కెరాటిన్ వంటి పదార్థంతో తయారైనవే. టోకే అనే పెద్ద బల్లికి ఒక్కొక్క పాదానికి సుమారు 5 లక్షల రోమాలుంటాయి. ఒక్కొక్క రోమం చివర వందలాది కొనలుగా చీలి ఉంటుంది. 2000వ సంవత్సరంలో అమెరికా శాస్త్రజ్ఞుడు కెల్లర్ ఆటమ్, ఆయన సహచరులు ఒకే ఒక్క రోమం ఎంత బలంగా అంటుకుంటుందో కొలిచి చూశారు. ఆ కొనలు గోడకు ఎంతో దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య కలిగే ఆకర్షణే బల్లిని నిలబెడుతున్నదని 2002లో నిరూపించారు. వీటినే వాండర్‌వాల్స్ బలాలంటారు. ఒక్కొక్కటి అతి స్వల్పం. కాని లక్షలు కలిస్తే బల్లి కప్పుకు తలకిందులుగా వేలాడగలదు!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. కొనలకూ గోడకూ మధ్య తడి చేరినా, బల్లి పట్టుకున్న సున్నం పెచ్చు ఊడినా పట్టు తప్పుతుంది. పురుగు మీదికి దూకేటప్పుడు, రెండు మగ బల్లులు చోటుకోసం పోట్లాడుకునేటప్పుడు కూడా పడవచ్చు. జారిపడటానికి కారణం గోడమీద ఉంది. మన జాతకంలో లేదు.

మాట్లాడుతుండగా బల్లి పలికితే, 'అదిగో, నిజమే' అంటారు పెద్దలు. నిజానికి అది తోటి బల్లులతో మాట్లాడుతున్నది. 'ఈ చోటు నాది, ఇటు రాకు' అని హెచ్చరించడానికి, జోడును పిలవడానికి మగ బల్లులు అలా శబ్దం చేస్తాయి. మన సంభాషణతో వాటికి పనిలేదు.

ఇక విషం మాట. ఇంటి బల్లికి విషపు కోరలు లేవు, విషగ్రంథులు లేవు. ప్రపంచంలో గెకోలనే ఈ రకం బల్లులు రెండువేల జాతులకు పైగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ విషం లేదు. అట్లాగని బల్లి పడిన పాలు తాగమని నేను చెప్పను! సరీసృపాల పేగులలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. ఆహారంలో చేరితే అది వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. కనుక బల్లి పడిన ఆహారాన్ని పారవేయాలి. తెలియక తిన్నవారికి బాగుండకపోతే వైద్యునికి చూపించాలి. వంట పాత్రలమీద మూతలుంచాలి. విషమని హడలిపోయేవారికి మూత సంగతి గుర్తురాదు. సూక్ష్మజీవి అని తెలిసినవారు మూత పెడతారు. తెలియడానికీ భయపడటానికీ తేడా ఇదే.

అపోహ మనకే కాదు, బల్లికీ చేటు. టోకే బల్లి మాంసం ఎయిడ్స్‌ను నయం చేస్తుందని ఆధారం లేని పుకారు పుట్టింది. ఆగ్నేయాసియాలోను, మన ఈశాన్య రాష్ట్రాలలోను ఆ బల్లులను పట్టి దొంగచాటుగా అమ్మారు. చివరకు 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం కింద నియంత్రించవలసి వచ్చింది. ఒకచోట కీడనీ, మరొకచోట మందనీ రెండు అబద్ధాలకూ బలి అయ్యేది బల్లే.

మీరు ఒక పని చేయండి. ఒక నోటుపుస్తకంలో రెండు గడులు గీయండి. మీ ఇంట్లో ఎవరిమీదనైనా బల్లి పడితే, ఆ తేదీ, పడిన చోటు మొదటి గడిలో రాయండి. తరువాత వారం రోజుల్లో వారికి జరిగిన మంచి చెడ్డలు రెండో గడిలో రాయండి. బల్లి పడని వారాల్లో జరిగిన మంచి చెడ్డలు కూడా రాయడం మరచిపోవద్దు. ఏడాది తరువాత ఆ పుస్తకాన్ని పంచాంగం పక్కన పెట్టి చూడండి. పెద్దలతో వాదానికి దిగనక్కరలేదు. పుస్తకాన్ని వారి చేతికివ్వండి, చాలు.

లోకానికి శకునం చెప్పే బల్లి తానుపోయి కుడితిలో పడిందని మన సామెత. ఆ సామెత పుట్టించిన పల్లెటూరి పెద్దమనిషి ఏ ప్రయోగశాలా చూసి ఉండడు. కళ్ళు తెరిచి చూశాడు, అంతే. మీరూ చూడండి.