కోర దొరికింది, మృగం దొరకలేదు

స్కాట్లండ్ పర్యటనకు వెళ్లిన ఇద్దరు అమెరికన్ విద్యార్థులు 2005లో ఒక సంచలనం బయటపెట్టారు. లాక్ నెస్ సరస్సు ఒడ్డున వారికి ఒక జింక కళేబరం కనిపించిందట. దాని ఒంట్లో నాలుగంగుళాల కోర ఒకటి దిగబడి ఉందట. ఫొటోలు ఉన్నాయి, వీడియో ఉంది. కోర మాత్రం లేదు. అధికారి ఒకరు వచ్చి దాన్ని లాగేసుకున్నారన్నది వారి కథనం. ఫొటోలు చూసిన నిపుణులకు విషయం తేల్చడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అది ఏ రాక్షసి కోరా కాదు, మంట్‌జాక్ అనే చిన్నపాటి జింక కొమ్ము. అదే ఏడాది స్టీవ్ ఆల్టెన్ అనే అమెరికన్ రచయిత 'ద లాక్' పేరుతో ఈ సరస్సు మృగం మీద ఓ భయానక నవల తెచ్చారు. కోర వ్యవహారమంతా ఆ పుస్తకం ప్రచారం కోసం ఆడిన నాటకమని తేలింది.

నెస్సీ అని ముద్దుగా పిలుచుకునే ఈ సరస్సు రాక్షసికి సాక్షుల కొరత ఎప్పుడూ లేదు. నమోదైన 'దర్శనాలే' వెయ్యి దాటాయి. కానీ చూశామన్న మాటను ప్రయోగశాలకు పంపలేం. దూరంగా కనిపించింది కొట్టుకొచ్చిన దుంగ కావొచ్చు, ఈదుతున్న జింక కావొచ్చు, పడవ వెళ్లిపోయాక మిగిలిన కెరటం కావొచ్చు. సాక్షి అబద్ధమాడనక్కర లేదు, పొరబడితే చాలు. ఎముక, పన్ను, చర్మం సంగతి వేరు. వాటిని కోసి చూడొచ్చు, ఏ జీవివో, ఎక్కడివో రాబట్టొచ్చు. అందుకే నమ్మేవాళ్లకైనా, నమ్మించాలనుకునే వాళ్లకైనా చేతికి చిక్కే రుజువే కావాలి. విచిత్రమేమిటంటే, అలాంటి రుజువు దొరికిన ప్రతిసారీ నెస్సీ కేసు ఇంకాస్త బలహీనపడింది.

ఇన్వర్నెస్ పట్నానికి చేరువలో ఉండే ఈ సరస్సు పొడవు 37 కిలోమీటర్లు, లోతు దాదాపు 230 మీటర్లు. చుట్టుపక్కల పీట్ నేలల నుంచి కొట్టుకొచ్చే రేణువుల వల్ల నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. కొన్ని మీటర్లు దిగితే ఏమీ కనిపించదు. ఇంతకంటే మంచి రంగస్థలం ఏ కట్టుకథకైనా దొరకదు. ఆరో శతాబ్దంలో సెయింట్ కొలంబా నెస్ నదిలో ఓ జల మృగాన్ని తరిమికొట్టాడన్న కథ ఉన్నా, ఆధునిక నెస్సీ పుట్టింది 1933 మే 2న, 'ఇన్వర్నెస్ కొరియర్' పత్రిక పేజీల్లో. ఆ డిసెంబర్‌లోనే లండన్ పత్రిక 'డెయిలీ మెయిల్' మార్మడ్యూక్ వెథరెల్ అనే వేటగాణ్ని రంగంలోకి దించింది. ఆయన రోజుల్లోనే ఒడ్డున భారీ పాదముద్రలు కనిపెట్టేశాడు. వాటి అచ్చులు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియానికి వెళ్లాయి. 1934 జనవరిలో జవాబు వచ్చింది: అవి నీటిగుర్రం అడుగులు, అన్నీ ఒకే కాలివి. అప్పట్లో నీటిగుర్రం కాలిని ఎండబెట్టి గొడుగుల స్టాండుగానో, యాష్‌ట్రేగానో వాడేవారు. ఎవరో అలాంటి కాలు తెచ్చి బురదలో అద్దారు.

పత్రిక పరువు పోయింది, వెథరెల్ నవ్వులపాలయ్యాడు. ఆ అవమానం నుంచే నెస్సీ ఫొటోల్లోకెల్లా ప్రఖ్యాతమైనది పుట్టింది. నీళ్లలోంచి పొడుచుకొచ్చిన పొడవాటి మెడ, చిన్న తల ఉన్న ఆ ఫొటోను 1934 ఏప్రిల్‌లో అచ్చేసింది కూడా 'డెయిలీ మెయిలే'. తీసింది లండన్ డాక్టర్ రాబర్ట్ విల్సన్ అన్నారు. డాక్టర్ అబద్ధమెందుకు చెబుతాడన్న నమ్మకంతో ఆ 'సర్జన్ ఫొటో' ఆరు దశాబ్దాలు చెలామణి అయింది. అసలు గుట్టు 1994లో రట్టయింది. బొమ్మ జలాంతర్గామికి మెడ, తల అతికించి నీళ్లలో వదిలానని వెథరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ చనిపోయే ముందు ఒప్పుకున్నాడు. పత్రికపై వెథరెల్ అలా పగ తీర్చుకున్నాడు. నిజానికి కత్తిరించని అసలు ఫొటోలో చుట్టూ ఉన్న అలల పరిమాణం చూస్తేనే ఆ 'మృగం' ఎంత బుల్లిదో తెలిసిపోతుంది. పత్రికలు ఆ అంచుల్ని కోసేసి వేశాయి.

మోసగాళ్ల సంగతి అలా ఉంచితే, ఈ సరస్సు నిజాయతీపరుల్ని కూడా వదల్లేదు. 1972లో రాబర్ట్ రైన్స్ అనే అమెరికన్ బృందంతో వచ్చి, నీటి అడుగున కెమెరాతో వజ్రాకారపు ఈదురెక్కలాంటి దాన్ని ఫొటో తీశారు. ప్రపంచ వన్యప్రాణి నిధి వ్యవస్థాపకుల్లో ఒకరైన సర్ పీటర్ స్కాట్ దాన్ని నమ్మారు. 1975లో బ్రిటన్ చేసిన వన్యప్రాణి చట్టం కింద రక్షణ కావాలంటే జీవికి శాస్త్రీయ నామం ఉండాలి. అందుకని ఇద్దరూ కలిసి 'నేచర్' పత్రికలో నెస్సీకి 'నెస్సిటెరస్ రాంబాప్టెరిక్స్' అని నామకరణం చేశారు. కళేబరం లేదు, ఎముక లేదు, ఉన్నది మసక ఫొటోలే. ఆ ఇంగ్లిష్ అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే 'సర్ పీటర్ ఎస్ చేసిన రాక్షసి బూటకం' అన్న అర్థం వస్తుందని ఎవరో పట్టేశారు. ఆ తర్వాత వెలుగు చూసిన అసలు ఫొటోల్లో రెక్క అంచులు అంత స్పష్టంగా లేవు. మెరుగులు దిద్దాకే అది రెక్కయింది. పక్షుల్ని, తడి నేలల్ని కాపాడటానికి జీవితం ధారపోసిన మనిషి పేరు ఈ జోకుతో ముడిపడటం బాధాకరం.

అదే 1972లో, సరిగ్గా ఏప్రిల్ ఒకటికి, సరస్సులో కళేబరమే దొరికింది. లారీలో తరలిస్తుంటే పోలీసులు అటకాయించారు. చూస్తే అది జూలో చనిపోయిన ఎలిఫెంట్ సీల్. మీసాలు గొరిగి, బుగ్గల్లో రాళ్లు కుక్కి నీళ్లలో పడేశారు.

2003లో దొరికిన వస్తువు మాత్రం నకిలీ కాదు. సరస్సు ఒడ్డున బయటపడిన నాలుగు వెన్నుపూసలు నిజంగానే ప్లీసియోసార్‌వి. నెస్సీ అదేనని అభిమానులు దశాబ్దాలుగా చెప్పుకొంటున్న పొడవాటి మెడ సముద్ర సరీసృపం. కాకపోతే అది సున్నపురాయిలో ఇరుక్కున్న శిలాజం, లాక్ నెస్ చుట్టూ ఉన్నవి వేరే రకం రాళ్లు. పైగా ఆ రాయికి సముద్ర జీవులు తొలిచిన రంధ్రాలున్నాయి. సరస్సులో ఉన్నదేమో మంచినీరు. అంటే ఏదో సముద్రతీరం నుంచి తెచ్చి ఇక్కడ పడేశారన్నమాట. ఆ మాటకొస్తే ప్లీసియోసార్లు 6.6 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించాయి. ఈ సరస్సు పది వేల ఏళ్ల క్రితం వరకూ మంచు కిందే ఉంది. అన్ని కోట్ల ఏళ్లు అవి ఎక్కడ తలదాచుకున్నాయన్న ప్రశ్నకు సమాధానం లేదు.

ఇదంతా దూరదేశపు వింతని మనం నవ్వుకోవడానికి లేదు. 2019 ఏప్రిల్‌లో భారత సైన్యమే మకాలు బేస్ క్యాంప్ దగ్గర యతి అడుగులు కనిపించాయంటూ ట్విటర్‌లో ఫొటోలు పెట్టింది. 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు అని కొలతలు కూడా ఇచ్చింది. అంతకు ఆరు దశాబ్దాల ముందే ఎడ్మండ్ హిల్లరీ నేపాల్‌లోని ఖుమ్‌జుంగ్ గ్రామస్థులు భద్రపరచుకున్న 'యతి తలచర్మాన్ని' అడిగి తీసుకెళ్లి శాస్త్రవేత్తలకు చూపించారు. అది సెరో అనే కొండమేక జాతి జంతువు తోలుతో చేసిందని తేలింది. మేఘాలయలో గారో కొండల 'మాండే బరుంగ్' వెంట్రుకలు 2008లో పరీక్షిస్తే గోరల్‌వని తెలిసింది. 2017లో యతివని చెబుతున్న తొమ్మిది నమూనాల డీఎన్ఏ చూశారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది.

మళ్లీ సరస్సు దగ్గరికొస్తే, నమ్మకస్థుల చివరి వాదన ఒకటుంది: నీళ్లు చల్లన, లోతు ఎక్కువ, చచ్చినవి అడుక్కి పోతాయి, అందుకే ఎముకలు దొరకవు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇన్నేళ్లు బతకాలంటే ఒక్క జంతువు సరిపోదు, మంద కావాలి. మంద ఉంటే నీళ్లలో దాని చర్మకణాలో, మలమో, ఏదో ఒక జాడ ఉండి తీరాలి. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త నీల్ జెమ్మెల్ 2018లో సరిగ్గా దాన్నే వెతికారు. వేర్వేరు చోట్ల, వేర్వేరు లోతుల్లో దాదాపు 250 నీటి నమూనాలు తీసి డీఎన్ఏ పరీక్షించారు. 2019 సెప్టెంబర్‌లో ఫలితాలు ప్రకటించారు. మనుషుల డీఎన్ఏ ఉంది, కుక్కలది ఉంది, జింకలది ఉంది. సరీసృపాలది లేశమంతైనా లేదు.

ఉన్నది ఈల్ చేపలది, అదీ విపరీతంగా. డీఎన్ఏ జాతిని చెబుతుంది గానీ సైజు చెప్పదు కాబట్టి భారీ ఈల్ ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేనని జెమ్మెల్ అన్నారు. ఆయన ఆ మాట అన్నారో లేదో, పత్రికలు 'నెస్సీ ఓ పెద్ద ఈల్ కావొచ్చు' అని శీర్షికలు పెట్టేశాయి. 2023లో ఒక గణాంక అధ్యయనం దాన్నీ లెక్కగట్టింది. ఆ సరస్సులో మీటరు పొడవు ఈల్ తగిలే అవకాశం దాదాపు 50 వేలల్లో ఒకటి. ఆరు మీటర్లదైతే సున్నాతో సమానం. అదే ఏడాది ఆగస్టులో దేశదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు డ్రోన్లు, నీటిలో వినే మైకులతో మళ్లీ గాలించారు.