పోత తేదీ చదివారా?

సంపాదకులకు,

పాత స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన వ్యాసంలో 'ఆటోమేటిక్ గేర్‌బాక్సు సరిగ్గా అమరితే అసలుదే' అన్నారు. ఒప్పుకోలేను. షెవర్లే కార్వెట్‌నే చూడండి. 1953లో తయారైన 300 కార్లకూ రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సే బిగించారు. మొదట్లో దాని బయటి కేసు పోత ఇనుము, తర్వాతి ఏళ్లలో అల్యూమినియం. అయస్కాంతం పెడితే సగం గుట్టు అక్కడే తేలుతుంది. జిడ్డును కిరోసిన్ బ్రష్‌తో రుద్దితే పోత తేదీ చెప్పే ఉబ్బెత్తు గుర్తులు బయటపడతాయి: అక్షరం నెల (ఎ అంటే జనవరి), ఆపై రోజు, చివరి అంకె సంవత్సరం. ఆ తేదీ కారు తయారీ తర్వాతదైతే, అమ్మేవారు ఎన్ని ఒట్లు పెట్టినా, అది మార్చిన సరుకే. ముందుదైనంత మాత్రాన అసలుదనీ కాదు! కారైనా, మా వైపు పాత జీపైనా, దయచేసి ఆ గుర్తులు ఫొటో తీశాకే రంగు డబ్బా తెరవండి.

— ఒక మెకానిక్, ఖానాపురం హవేలి, ఖమ్మం