తల్లి బతికుండగా అనాథలా?

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం)

అనాథ అంటే ఎవరు? తల్లీ తండ్రీ ఇద్దరూ లేని బిడ్డ అని మనమంతా అనుకుంటాం. కాని 20వ శతాబ్దం తొలి రోజుల్లో అమెరికా అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. "సగం అనాథలు" అని వాళ్ళకొక పేరు కూడా ఉండేది. తండ్రి గనిలోనో, ఫ్యాక్టరీలోనో, జబ్బుచేసో పోయాడు. తల్లి నలుగురి ఇళ్ళలో పాచిపని చేసినా, బట్టలుతికినా ఆ కూలి అద్దెకే చాలదు. పనికి పోతే పిల్లల్ని చూసే దిక్కు లేదు, పోకపోతే పొయ్యి వెలగదు. ఇక మిగిలింది ఆశ్రమం గుమ్మమే!

1914లో న్యూయార్క్ రాష్ట్రం వేసిన ఒక సంఘం లెక్క తీసింది. 1,483 మంది వితంతువుల పిల్లలు 2,716 మంది, కేవలం పేదరికం వల్ల, ప్రభుత్వ ఖర్చుతో ఆశ్రమాల్లో ఉన్నారని తేలింది. గమనించండి! బిడ్డను పోషించడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు ఉంది. అది తల్లి చేతికివ్వడానికే మనసు రాలేదు.

సైన్సు చదివేవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. నేను వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. అప్పులతో కన్నుమూసిన కౌలురైతు ఇంట్లో మర్నాటి నుంచి ఏం జరుగుతుందో మా ఊళ్ళో చూశాను. "పిల్లల్ని ఏ హాస్టల్లో వేద్దాం?" అని పెద్దలు తర్జనభర్జన పడతారే గాని, "ఆ తల్లికి నెలకెంత ఉంటే ఇల్లు నిలబడుతుంది?" అని లెక్క వేసినవారిని నేను చూడలేదు. అందుకే ఆ దేశపు చరిత్ర నాకు పరాయిదిగా తోచలేదు.

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో ఒక మహాసభ జరిపాడు. పేదరికం ఒక్క కారణంతో బిడ్డను ఇంటి నుంచి వేరుచేయరాదని ఆ సభ తీర్మానించింది. అయితే సాయం మాత్రం ప్రైవేటు దాతలు చేస్తేనే మంచిదన్నది! 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం ఇంకో అడుగు వేసి, ప్రభుత్వ డబ్బే తల్లిదండ్రులకు ఇవ్వవచ్చని చట్టం చేసింది. దానధర్మ సంఘాల్లో కొందరు పెద్దలు దీన్ని గట్టిగా ఎదిరించారు. ఊరికే డబ్బిస్తే జనం సోమరులవుతారట! ఆ వాదన నిలవలేదు. 1920 నాటికి సుమారు 40 రాష్ట్రాల్లో ఇటువంటి చట్టాలు వచ్చాయి.

ఇంతటితో కథ సుఖాంతమా? కాదు. డబ్బుతో పాటు తనిఖీ కూడా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఇల్లు శుభ్రంగా ఉందా, ఎవరు వచ్చిపోతున్నారు, తల్లి నడవడి ఎలాంటిది అని ఆరాలు! "యోగ్యురాలు" అనిపించుకున్న తల్లికే సాయం. ఆ యోగ్యతకు రంగు కూడా ఉండేది. 1931 నాటి ప్రభుత్వ సర్వేలో, జాతి వివరాలు తెలిసిన కుటుంబాల్లో నూటికి 96 తెల్లవారివే. నల్లజాతి కుటుంబాలు నూటికి 3!

1935లో సామాజిక భద్రతా చట్టంతో కేంద్ర ప్రభుత్వం ఈ సాయంలో పాలుపంచుకుంది. మొదటి బిడ్డకు నెలకు 18 డాలర్లు, తర్వాతి ఒక్కో బిడ్డకు 12 డాలర్ల పరిమితి వరకే ఆ వాటా. మరి తల్లికో? ఆమె తిండి లెక్కలోకి రావడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది. దూడకు పాలు కావాలి, ఆవుకు మేత మాత్రం వెయ్యం అన్నట్టు లేదూ? 1960లో లూసియానా రాష్ట్రం "తగిన ఇల్లు కాదు" అనే సాకుతో సుమారు 23,000 మంది పిల్లల పేర్లు కొట్టేసింది. వారిలో అత్యధికులు నల్లజాతి బిడ్డలు. తల్లి చేసిందన్న తప్పుకు బిడ్డ నోటి దగ్గర కూడు లాగేయడం ఏ నీతి?

ఇక మన సంగతి. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గమని మన 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. మంచి మాటే. కాని కేంద్రం 2009లో మొదలుపెట్టిన వితంతు పెన్షను 40 ఏళ్ళు నిండినవారికే పెట్టారు. పాతికేళ్ళకే చంటిబిడ్డతో మిగిలిన ఆమె మాటేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 18 నిండితే పెన్షను ఇవ్వడం, 2024లో దాన్ని 4,000 రూపాయలు చేయడం మెచ్చుకోవలసిందే. అయినా ఒక బిడ్డ ఉన్నా ముగ్గురున్నా ఆ మొత్తం ఒకటే. పిల్లల కోసం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పెట్టారు గాని, ఆ సంగతి ఎంతమంది తల్లుల చెవిన పడింది?

నేను చెప్పేది ఒక్కటే. హాస్టళ్ళు వద్దని కాదు, చదువు కోసం హాస్టలుకు వెళ్ళడం వేరు, కూడు కోసం వెళ్ళడం వేరు. బిడ్డకు పెట్టే ఖర్చు ముందు తల్లి చేతికి ఇవ్వాలి, పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వాలి, ఆమె శీలానికి సర్టిఫికెట్ అడక్కుండా ఇవ్వాలి. అది భిక్ష కాదు, హక్కు!

మిత్రులారా! ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పల్లెలకు వెళ్తున్నాం. రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి వస్తున్నాం. ఈసారి ఒక పూట దరఖాస్తు కాగితాలు పట్టుకుని ఆ తల్లుల గడపల ముందు కూర్చుందాం. మన చదువు అక్కడ ఒక సంతకానికి పనికొచ్చినా ధన్యమే!