భద్రాచలానికి ఏథెన్స్ పాఠం: తిప్పే యాంటెన్నా, తిప్పనక్కర్లేని యాంటెన్నా

మ్యాపు మీద హైదరాబాద్‌కీ విశాఖపట్నానికీ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే, అది భద్రాచలం పక్కనుంచే పోతుంది. హైదరాబాద్ పడమరన, విశాఖ తూర్పున. నేరుగా కొలిస్తే ఒక్కోటీ సుమారు 250 కిలోమీటర్లు. ఈ గోదావరి ఒడ్డున హామ్ రేడియో స్టేషన్ పెట్టాలనుకునేవాళ్లకు సహజంగా ఒక కోరిక పుడుతుంది: ఎత్తైన టవర్, దానిమీద ఒక వైపే గురిపెట్టే యాగీ యాంటెన్నా, దాని కింద దాన్ని తిప్పే రోటర్. కుర్చీలోంచి లేవకుండా బటన్ నొక్కితే యాంటెన్నా హైదరాబాద్ వైపు, మళ్లీ నొక్కితే విశాఖ వైపు తిరగాలి. కోరికలో తప్పులేదు. కానీ రోటర్లలో చేయి తిరిగిన దేశాల అనుభవం చూస్తే, మొదట తేల్చుకోవాల్సింది యాంటెన్నాను ఎలా తిప్పాలన్నది కాదు, అసలు ఏ పనికి తిప్పాలన్నది.

ముందు యంత్రం సంగతి. దూరదర్శన్ రోజుల్లో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు, ఇంకొకరు టీవీ ముందు కూర్చుని "ఇంకొంచెం... ఆఁ, అక్కడే ఆపు" అని కేకేసేవారు. రోటర్లోనూ ఆ ఇద్దరే ఉన్నారు. మోటారు తిప్పుతుంది, దాని ఇరుసుకు తగిలించిన పొటెన్షియోమీటర్ ఇప్పుడు ఎటు చూస్తున్నామో చెబుతుంది. కంట్రోలర్ పనల్లా రెండోవాడి మాట విని మొదటివాణ్ని ఆపడం. మోటారు పాడైతే తెలిసిపోతుంది. దిక్కు చెప్పే భాగం అబద్ధం చెప్పడం మొదలుపెడితే మాత్రం యాంటెన్నా ఎటో చూస్తుంటుంది, మనం అవతలి స్టేషన్‌ను తిట్టుకుంటుంటాం.

జపాన్ కంపెనీ యాఎసు (Yaesu) వారి జి-5500 రోటర్ అడ్డంగా 450 డిగ్రీలు, నిలువుగా 180 డిగ్రీలు తిరుగుతుంది. ఇలాంటి రోటర్ల కోసం ఆ కంపెనీ రూపొందించిన జీఎస్-232 ఆదేశాలు చాలా చిన్నవి: ఎం అక్షరం పక్కన మూడంకెలు పంపితే ఆ దిక్కుకు తిరుగుతుంది, సీ పంపితే ఉన్న దిక్కు చెబుతుంది, ఎస్ పంపితే ఆగుతుంది. ఆ తేలిక వల్లే అవి ఒక కంపెనీ గడప దాటి అందరివీ అయ్యాయి. అమెరికా హామ్ ఒకరు కె3ఎన్‌జి అనే తన కాల్‌సైన్ పేరుతోనే విడుదల చేసిన ఆర్డునో ప్రోగ్రామ్ అదే భాష మాట్లాడుతుంది. ఉచితంగా దొరికే హామ్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. మనకు ఇది పెద్ద సౌకర్యం. వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లు ఖమ్మంలో కొదవలేదు, ఆర్డునో బోర్డు ఇంజనీరింగ్ విద్యార్థుల చేతుల్లో ఉంది. విదేశీ పెట్టె చెడిపోతే దాని బుర్రనైనా ఇక్కడే మళ్లీ కట్టుకోవచ్చు.

ఇక అసలు పాఠం గ్రీసు నుంచి. 2014లో ఏథెన్స్‌లోని ఒక హ్యాకర్‌స్పేస్‌లో శాట్‌నాగ్స్ అనే ఉపగ్రహ గ్రౌండ్ స్టేషన్ల ప్రాజెక్టు పుట్టింది. త్రీడీ ప్రింటర్‌తో ముద్రించిన భాగాలు, స్టెప్పర్ మోటార్లు, వార్మ్ గేర్లతో ఎవరైనా చేసుకోగల రోటర్ డిజైన్‌ను దాని రూపకర్తలు అందరికీ తెరిచిపెట్టారు. ఆ ఏడాది హ్యాకడే ప్రైజ్ పోటీలో మొదటి బహుమతి వాళ్లదే. ఉపగ్రహాల సంకేతాలు వినే స్టేషన్లు ఆ తర్వాత దేశదేశాల్లో వెలిశాయి. విశేషమేమిటంటే, రోటర్‌తో మొదలైన ఆ స్టేషన్ల నెట్‌వర్క్‌లోనే ఇవాళ చాలా స్టేషన్లకు రోటర్ లేదు. అన్ని వైపులా వినే స్థిర యాంటెన్నాతోనే అవి పనిచేస్తున్నాయి. గెయిన్ తగ్గుతుంది, నిజమే. కానీ గాలికీ వానకూ అరిగే భాగమంటూ ఉండదు, మనిషి ఎక్కి చూడాల్సిన అవసరం రాదు. రోటర్ తయారీలో పేరు తెచ్చుకున్నవాళ్ల నెట్‌వర్కే దాన్ని అవసరమైన చోటికి పరిమితం చేసుకుందన్నమాట.

రోటర్ ఎక్కడ అవసరమన్న ఈ కొలబద్దను భద్రాచలానికి తెచ్చి చూద్దాం. ఇక్కడ హామ్ రేడియోకు గట్టి పరీక్ష వరద. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. 2022లో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అలాంటి రోజున హైదరాబాద్‌తో మాట్లాడటానికి కావాల్సింది ఏడు మెగాహెర్ట్జ్ బ్యాండు మీద ఇరవై మీటర్ల పొడవున్న తీగ. రెండు చెట్ల మధ్య ఆరేడు మీటర్ల ఎత్తున కడితే చాలు. అంత కిందుగా కట్టిన తీగ సంకేతాన్ని నిట్టనిలువుగా పైకి పంపుతుంది, అయనోస్ఫియర్ దాన్ని చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి దింపుతుంది. హైదరాబాద్, విశాఖ రెండూ ఆ గొడుగు కిందికే వస్తాయి. పగలు ఏడు మెగాహెర్ట్జ్, రాత్రి మూడున్నర. తిప్పడానికి ఏమీ లేదు.

ఖమ్మంతో వీహెచ్ఎఫ్ మాటల సంగతీ ఇంతే. నేరుగా 90 కిలోమీటర్ల దూరం, మధ్యలో అడవి, గుట్టలు. రెండు చివరలా 30 మీటర్ల టవర్లు కట్టినా, చదును నేల మీదే దృష్టి రేఖ 45 కిలోమీటర్ల దగ్గర తెగిపోతుంది. ఆ లోటును ఏ రోటరూ తీర్చలేదు. కావాల్సింది గుట్ట మీద రిపీటర్, దానివైపు ఒకసారి బిగించి వదిలేసిన యాగీ. 2018 నవంబరులో ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో హామ్‌ల ట్రాన్స్‌పాండర్ ఉంది. అది భూస్థిర ఉపగ్రహం కాబట్టి, పడమరకు కాస్త దక్షిణంగా, 25 డిగ్రీల ఎత్తున డిష్ బిగిస్తే భద్రాచలంలో కూర్చుని దాన్ని వినవచ్చు. అక్కడా రోటర్ అక్కర్లేదు.

రోటర్‌కు నిజంగా పని పడేది ఖండాంతర సంభాషణల్లో, కింది కక్ష్యలో పరిగెత్తే ఉపగ్రహాల దగ్గర. అలాంటి ఉపగ్రహం ఒక పాస్‌లో పది నిమిషాలకు అటూ ఇటూగా కనిపిస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగేదైతే ఉత్తరాన మొలిచి దక్షిణాన దిగుతుంది, లేదా అటునుంచి ఇటు. రోటర్ ఆగే హద్దును ఉత్తరాన పెట్టినా, దక్షిణాన పెట్టినా ఏదో ఒక పాస్‌కు అడ్డొస్తుంది. అప్పుడు యాంటెన్నా చుట్టంతా వెనక్కి తిరిగి రావాలి, అందుకు సుమారు ఒక నిమిషం పోతుంది. జి-5500కు ఇచ్చిన అదనపు 90 డిగ్రీలు అందుకే.

ఇక్కడే కంట్రోలర్ తెలివి కావాలి. రెండు మీటర్ల బ్యాండు యాగీ చూపు 40 డిగ్రీల వెడల్పుంటే, గురి పది డిగ్రీలు తప్పినా పోయేది ఒక డెసిబెల్ కూడా కాదు. కాబట్టి తేడా ఐదు డిగ్రీలు దాటాకే కదిలించమని ప్రోగ్రామ్‌లో రాయాలి. క్షణక్షణం వెంటాడితే గేర్లు అరుగుతాయి, బ్యాటరీ ఖాళీ అవుతుంది. దిక్కు సరిచూసుకోవడంలో మాత్రం మనది అదృష్టం. అమెరికా వాయవ్య తీరంలో దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ 15 డిగ్రీల దాకా తేడా. తెలుగు నేల మీద అది దాదాపు ఒక డిగ్రీ. ఇనుప టవర్‌కు దూరంగా నిలబడి చూస్తే చాలు.

ఉపగ్రహాల ముచ్చట మనకు కొత్తది కాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మీద ఎగిరిన హామ్‌శాట్, అంటే వీవో-52, 2014 జులై దాకా సేవలందించింది. ఆ ప్రయోగానికి కొన్ని నెలల ముందు, 2004 డిసెంబరులో, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడటానికి వెళ్లింది. 26న సునామీ వచ్చింది. సరదా కోసం మోసుకెళ్లిన ఆ స్టేషనే పోర్ట్ బ్లెయిర్ కబుర్లను బయటికి చేరవేసింది. రోజూ వాడకంలో ఉన్న సరంజామాయే ఆపదలో పలుకుతుంది. కాబట్టి సరదాకు రోటర్ పెట్టుకోవడం వృథా ఏమీ కాదు, స్టేషన్ ప్రాణం దాని చేతిలో పెట్టకపోతే.

అడవి అంచున ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. రాష్ట్ర సరిహద్దు మండలాల్లో టవర్ లేస్తే ముందు అడిగేది లైసెన్సే. దాని కాపీ దగ్గరుంచుకుని పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పడం మంచిది. వేసవి చివర పిడుగుల కాలంలో కోయాక్స్ ఊడదీసేవాళ్లు కూడా రోటర్ కేబుల్‌ను మరిచిపోతారు. పిడుగు ఇంట్లోకి రావడానికి ఆ దారి చాలు. కోతులు లాగకుండా కేబుల్‌ను పైపులోంచి తేవాలి. మోటారు మొరాయిస్తే యాంటెన్నాను చేత్తో తిప్పి బిగించే వీలుండాలి.

భద్రాచలంలోనో పాల్వంచలోనో ఏదైనా కాలేజీ క్లబ్బు ఈ పనికి దిగితే వరస ఇలా ఉండాలి: ముందు తీగ, తర్వాత గుట్ట వైపు స్థిర యాగీ, ఆపైన ఉపగ్రహాల కోసం చేతితో పట్టుకునే యాగీ, వాటన్నిటి తర్వాత రోటర్. ఏటా జూన్‌లో, వరద రాకముందే, ఒక ఆదివారం మెయిన్స్ ఆపేసి, రోటర్ ప్లగ్ పీకేసి, బ్యాటరీ మీద హైదరాబాద్‌ను పిలిచి చూడాలి. జవాబు వస్తే రోటర్‌కు పెట్టిన డబ్బు సరదా ఖాతాలో రాసుకోవచ్చు. రాకపోతే ఆ డబ్బుతో ముందు తీగా, బ్యాటరీ సరిచేసుకోవాలి.