సున్నా టికెట్టు, సూటిపోటి మాటలు

"ఫ్రీగానే ఎక్కారుగా, నిలబడితే ఏం?" మా ద్రాక్షారామంలో బస్సెక్కే ఆడవాళ్లకు కొత్తగా వినబడుతున్న మాట ఇది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే మనకు సున్నా టికెట్టు ఇస్తున్నారు. బాగానే ఉంది. మరి ఏళ్ల తరబడి మనకున్న సీటు కూడా చార్జీతోపాటే పోయిందా?

'స్త్రీలకు' అని రాసిన చోటే దర్జాగా కూర్చుని కిటికీలోంచి వరిచేలు చూసే మగమహారాజులు ఇదివరకూ ఉన్నారు. కాకపోతే అడిగితే విసుక్కుంటూనైనా లేచేవారు. ఇప్పుడు లేవకపోవడానికి వాళ్లకో న్యాయం దొరికింది. మొన్న రామచంద్రపురం బస్సులో చంటిపిల్లతో ఉన్న ఒకమ్మాయి "కాస్త లేవండి బాబాయిగారూ" అంటే, "నేను డబ్బులిచ్చి ఎక్కానమ్మా" అన్నాడాయన. చుట్టూ నవ్వులు! "మీరు డబ్బులిచ్చింది ప్రయాణానికండీ, ఆడవాళ్ల సీటుకి కాదు" అన్నాను. లేచాడు గానీ, దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

అసలిది ఊరికే వచ్చిందని ఎవరన్నారు? ఆ చార్జీ ఆర్టీసీకి కట్టాల్సింది ప్రభుత్వం. ఆ ఖజానాలో మనం కొనే సబ్బుబిళ్ల మీద పన్ను కూడా ఉంది. 2004 నుంచి వ్యవసాయ మోటార్లకు ఉచిత కరెంటు ఇస్తున్నారు. ఆ రైతును నలుగురిలో నిలబెట్టి ఎవరైనా దెప్పారా? దెప్పకూడదు కూడా. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికే నోరెందుకు లేస్తుందో మీరే చెప్పండి.

బస్సులు కిక్కిరిసిపోతున్న మాట నిజమే. డబ్బిచ్చి నిలబడే మగవాళ్ల బాధా నిజమే. అయితే ఇంకో బస్సు వేయమని అడగాల్సింది పైవాళ్లని, పక్కన నిలబడ్డ మనిషిని కాదు.

ఇంకో సణుగుడు కూడా ఉంది, "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని. భీమేశ్వరుడి దర్శనానికి అంటే ఎవరూ నోరెత్తరు. ఆస్పత్రికి అంటే జాలి పడతారు. ఊరికే వెళ్లొస్తానంటేనే తప్పు! సెంటర్లో టీకొట్టు దగ్గర గంటల తరబడి కూర్చునే మగవాళ్లను ఏం పనని ఎవరైనా అడుగుతున్నారా?

మా వీధిలో ఒక పెద్దావిడ కాకినాడలో ఉన్న చెల్లెలి దగ్గరికి పండక్కి మాత్రమే వెళ్లేది. ఇప్పుడు నెలకు రెండుసార్లు వెళుతోంది. "మాటిమాటికీ ఏం పనండీ పిన్నిగారూ?" అని బస్సులో ఎవరో అడిగితే, "మా చెల్లితో కబుర్లు చెప్పుకునే పని నాయనా, కాస్త జరుగు" అందట.