మిద్దెనీరు తీర్థము కాదు

ఆకాశమునుండి పడిన నీరు అన్నిటికంటె పరిశుద్ధమను నమ్మకము మనవారిలో నేటికిని గట్టిగా పాతుకొని యున్నది. 2003వ సంవత్సరమున తమిళనాడు ప్రభుత్వము ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణ యేర్పాటు ఉండవలెనని శాసించినది. 2019 వేసవిలో చెన్నపట్టణము నీటికై అల్లాడిన పిమ్మట ఆ నీటి విలువ మనకు మరింత తెలిసివచ్చినది. వాననీటిని పట్టి నిలుపుట మెచ్చదగిన పనియే. కాని మిద్దెపైనుండి తొట్టిలో దిగిన నీటిని అట్లే త్రాగుట, పసిబిడ్డలకు పట్టుట మాత్రము తగదని నా దృఢాభిప్రాయము.

ఆ శాసనముయొక్క ముఖ్యోద్దేశము భూగర్భజలమును పెంచుట. నేలలో ఇంకు నీటిని మన్నును ఇసుకయు కొంతవరకైనను వడగట్టును. తొట్టిలో చేరు నీటికి ఆ పాటి వడపోతయు లేదు. మిద్దెపై నున్నదంతయు దానితోడనే దిగివచ్చును.

మిద్దెపై నేమున్నది? కాకులు, పావురములు వేసిన రెట్టలున్నవి. వానియందు సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి క్రిములుండవచ్చును. ఇవి విరేచనములను, జ్వరమును కలిగించును. ఎలుకలు తిరుగుచోట వాని మూత్రమువలన లెప్టోస్పైరా భయము కలదు. మనకు పెద్దవానలు అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. అప్పటికి వేసవి దుమ్ము, బండ్ల పొగ, దీపావళి మసి మిద్దెపై పేరుకొని యుండును.

రేకుల యిండ్లవారు మరియొక సంగతి గమనింపవలెను. ఇంటి రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2017 నవంబరున అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగు పెచ్చులూడినచో అందలి సీసము నీటిలో కలియవచ్చును. సీసము పసివారి మెదడు పెరుగుదలకు శత్రువు.

కాచి త్రాగిన చాలదా యని కొందరడుగుదురు. కాచినచో క్రిములు చచ్చును, సీసము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. తేటగా కనబడుటయు శుద్ధికి గుర్తు కాదు. త్రాగునీటి 100 మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలై క్రిమియైనను కానరాదని భారత ప్రమాణము చెప్పుచున్నది. కంటితో దానిని కనిపెట్టగలవా రెవరు?

మన పూర్వులు త్రాగి బ్రతుకలేదా యని మరికొందరందురు. బ్రతికినవారి సంతతి మనము గనుక ఈ ప్రశ్న వేయగలుగుచున్నాము. ఆనాడు అతిసారముతో పోయిన పసిబిడ్డల లెక్క ఏ వంశవృక్షమునందును వ్రాయబడలేదు.

ఇక చేయవలసిన దేమి? వానకాలమునకు ముందే మిద్దెను, గొట్టములను ఊడ్చి కడుగవలెను. తొలివాన నీటిని తొట్టికి చేరనీయక బయటికి వదలవలెను. వర్తకుని లెక్కలో చెప్పెదను: 1000 చదరపు అడుగుల మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 93 లీటర్లు. ప్రతి వానకును మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీరు పోయినను నష్టము లేదు. ఒక్క బిడ్డ మంచము పట్టినచో వైద్యునికి పోయు ధనముముందు అది యెంత? తొట్టికి మూతయు, గొట్టమునకు సన్నని వలయు తప్పక ఉండవలెను. లేనియెడల డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమకు అదియే పుట్టిల్లగును.

ఆ నీరు బట్టలకు, పాత్రలకు, మొక్కలకు వాడుకొని, మిగిలినది భూమి కిచ్చుట ఉత్తమము. వేరు నీరు దొరకక త్రాగవలసివచ్చినచో ముందు పరీక్ష చేయింపవలెను. పరీక్షలో లోహదోషము లేదని తేలిన పిమ్మట, వడగట్టి, బాగుగా మరగనిచ్చి త్రాగవలెను.

ఒక్కొక్క యింటికి పరీక్ష వ్యయము భారముగా తోచవచ్చును. పది యిండ్లవారు కలిసి తమ నమూనాలను ఒకేసారి ప్రయోగశాలకు పంపు యేర్పాటును మన సంఘము చేపట్టవలెనని కోరుచున్నాను. గోడమీది ప్రకటనను చదివి దాటిపోవు పెద్దలు ఇంటి భాషలో చెప్పిన మాటను ఆలకింతురు. మన సంఘములు పండుగలకును సన్మానములకును మాత్రమే కాక ఇట్టి పనికిని పూనుకొన్ననాడే వాని ఉనికికి సార్థకత. ఈశాన్యపు మబ్బులు కమ్మకముందే సభ్యులు ఈ విషయమును చర్చింతురుగాక.